రచనా తరగతులు: ఈ ఏడాది నివేదిక

సభ్యులకు నమస్కారం. బతుకమ్మ, వైద్య శిబిరం, మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్లీ రాయడం లేదు. కొత్తగా చేసింది ఒక్కటే: నెలకో ఆదివారం రచనా తరగతి.

మొదటి నెల ‘వాన’ మీద రాయమన్నాం. పొరపాటు మాదే. అందరి కాగితాల్లోనూ మట్టి వాసన, వేడి పకోడీ. పేర్లు తీసేస్తే ఎవరిది ఏదో చెప్పలేం.

రెండో నెల సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. మేలిముసుగు రెబెకా అనే పాలరాతి శిల్పం దగ్గర చాలాసేపు నిలబడ్డాం గానీ, కాగితం మీదికొచ్చింది ‘అద్భుతం’ అన్న మాటే. పని జరిగింది జంట శిల్పం దగ్గర. ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి. జర్మన్ రచయిత గోథే ‘ఫౌస్ట్’ నాటకంలో పాత్రలు. ఆవిడ తలవంచుకుని వెనక అద్దంలో కనిపిస్తుంది. మీకు జరిగిన గొడవ ఏదైనా ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి రాయండి అన్నాం.

రిటైరైన ఆర్టీసీ కండక్టర్ గారొకరు చిల్లర తగాదా రాశారు. మొదటి కాగితంలో బస్సు కిక్కిరిసి ఉంది, చిల్లర లేదు, టికెట్ వెనక బాకీ రాసిచ్చారు. రెండో కాగితంలో ఆ టికెట్ ఒక ముసలమ్మ గుప్పిట్లో ఉంది. దిగే స్టాపు వచ్చేసరికి చెమటకి అంకె అలుక్కుపోయింది. చదువుతూ అక్కడ ఆగిపోయారు. మిగతాది వాళ్లావిడ చదివారు.

తర్వాత ఇంట్లో బాగా అరిగిన వస్తువు గురించి రాయమన్నాం. ఐదో తరగతి పాప అట్లకాడ ఎంచుకుంది. ఒక మూలే ఎందుకు అరిగిందంటే చెప్పలేకపోయింది. ఇంటికి పరుగెత్తి, చూసొచ్చి, ‘నానమ్మది ఎడమచేతి వాటం’ అని చివర్లో చేర్చింది. ఈ ఏడాది నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక ఆదివారం హాలు పుట్టినరోజు పార్టీకి ఇచ్చేశారు, మెట్ల మీద కూర్చుని రాశాం. మగవాళ్లు వింటారు గానీ చదవమంటే ఫోన్ వస్తుంది. ఖర్చు నోటుపుస్తకాలకీ మ్యూజియం టికెట్లకీ మాత్రమే అయింది. లెక్క నోటీసు బోర్డు మీద ఉంది.

వచ్చే ఏడాది మళ్లీ మ్యూజియానికి వెళ్తాం. గంటగంటకీ గడియారంలోంచి చిన్న గడ్డపాయన బయటికొచ్చి గంట కొడతాడు కదా, ఈసారి ఆయన్ని కాదు, ఆయన కోసం ఎదురుచూసే జనాన్ని చూసి రాయాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గుర్తుంచుకోండి. పెన్ను ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. పోయినసారి ఇచ్చినవి ఇంకా తిరిగి రాలేదు.