దసరా హల్వాలో పొగ వాసన వచ్చిన మాట నిజమే

దసరాకి మా దగ్గర హల్వా తెప్పించుకున్నవాళ్లలో కొందరు ఫోన్ చేసి "ఈసారి ఏదో తేడాగా ఉందండీ" అన్నారు. ఒక పెద్దావిడ చాలా మొహమాటపడుతూ "డబ్బా మూత తియ్యగానే పొగ వాసన కొట్టిందమ్మా" అన్నారు. నిజమే. పండగకి ముందు రెండు రోజులు వండిన హల్వా పొగచూరింది. మొత్తం 31 పార్సిళ్లు. ప్యాక్ చేసేముందు నేను రుచి చూశాను, నాకూ అనుమానం వచ్చింది. వచ్చినా పంపేశాను, పండగ ఆర్డర్లు ఆగిపోతాయన్న టెన్షన్‌లో. ఆ తప్పు నాదే.

ఆ 31 మందికీ కొత్త హల్వా మళ్లీ పంపుతున్నాను, పార్సిల్ ఖర్చు మాదే. వద్దు, డబ్బే ఇవ్వమన్నవాళ్లకి డబ్బు వేస్తాను. అయితే నవంబరు 1 నుంచి కిలోకి 30 రూపాయలు పెంచుతున్నాను. పొగ వాసనకీ ఈ పెంపుకీ కారణం ఒక్కటే, కట్టెలు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది మాడుగుల పద్ధతి హల్వా అని మీకు తెలుసు. గోధుమ పాలు, బెల్లం, నెయ్యి, ఇవన్నీ ఎవరైనా కొనుక్కోవచ్చు. దగ్గరపడే చివరి రెండు గంటల్లో సెగ ఎలా ఉందన్నదే అసలు పని. సెగ ఎక్కువైతే అడుగంటుతుంది, తగ్గితే సాగుడు రాదు. బాగా ఎండిన సరుగుడు, జీడిమామిడి, చింత కర్రలైతే మంట ఆరాక కూడా నిప్పు కణికలు చాలాసేపు నిలుస్తాయి. మా మావయ్యగారు ఈ మూడు తప్ప వేరే కర్ర పొయ్యిలో పెట్టనిచ్చేవారు కాదు. ఏడాదికి సరిపడా వేసవిలోనే కొని, రేకుల షెడ్డులో పేర్చి, ఏ వరస ఎప్పుడు పేర్చిందీ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టేవారు. ఆ రాతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ ఏడాది నేను వేసవిలో కొనలేదు. ఉన్న డబ్బు నెయ్యికీ, మా అమ్మాయి కాలేజీ ఫీజుకీ సరిపోయింది. ఆగస్టు దాటేసరికి షెడ్డు ఖాళీ. అప్పుడు మాకు 14 ఏళ్లుగా కర్ర వేస్తున్న కట్టెల అడితి ఆయనకి ఫోన్ చేశాను. "చెల్లెమ్మా, నీకు కాకపోతే ఎవరికిస్తాను" అన్నారు. నాలుగు టన్నులు, సగం సరుగుడు, సగం జీడి, ఇంటికి చేర్చి టన్ను 5,200. మొత్తం 20,800 ముందే కట్టాను. ఆయన దగ్గర ఏనాడూ కాటా చీటీ అడగలేదు, ఈసారీ అడగలేదు.

ట్రాక్టర్లు రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చాయి, వాన తుంపర పడుతోంది. దింపేసి వెళ్లిపోయారు. పొద్దున్న లేచి చూస్తే ముప్పావు వంతు జామాయిల్. కొన్ని కొమ్మలకి ఆకు ఇంకా పచ్చగానే ఉంది. మా దగ్గర తెడ్డు తిప్పే బాబాయ్ రెండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూశాడు. ఎండిన కర్రయితే టంగుమంటుంది. ఇవి గుడ్డలో చుట్టి కొట్టినట్టు చప్పుడే లేదు. "అమ్మా, ఇవి కర్రలు కావమ్మా, నీళ్లు" అన్నాడు.

వెంటనే ఫోన్ చేశాను. నాకు గుర్తున్నంతవరకు ఆయన గొంతు పెంచలేదు, అదే ఎక్కువ బాధ. "వానాకాలంలో ఎండు కర్ర ఎక్కణ్నించి తెస్తానమ్మా? కర్ర కర్రే కదా, కాలితే చాలదా?" అన్నారు. దొరకదని ఫోన్లో ముందే చెప్పి ఉంటే నేను వేరే దారి చూసుకునేదాన్ని. సగం డబ్బు వెనక్కి ఇమ్మంటే వచ్చే లోడులో సర్దుతానన్నారు. ఆ వచ్చే లోడు నాకు అక్కర్లేదని చెప్పాను. మావయ్యగారు పోయినప్పుడు మూడు రోజులు మా ఇంట్లో మనిషిలా నిలబడ్డ ఆయన. ఆ మాట తలచుకుని రెండు రాత్రులు నిద్రపట్టలేదు, అయినా మళ్లీ ఆయన గుమ్మం తొక్కను.

తూకంలో ఎంత పోయిందో తెలుసుకుందామని పది కిలోల కట్ట ఒకటి పొయ్యి పక్కన అటక మీద పెట్టాను. అయిదు వారాల తర్వాత తూస్తే ఏడు కిలోలు. అంటే మూడు కిలోల నీళ్లకి కర్ర రేటు కట్టాను. 5,200 అనుకున్న టన్ను నిజానికి 7,400 దాటింది. కట్టెలు కొనేవాళ్లెవరైనా ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. పచ్చికర్ర టన్నుకి వెయ్యి తక్కువకి వచ్చినా అది చవక కాదు. పైగా లోపలున్న నీళ్లు ఆవిరి అవడానికే కొంత మంట పోతుంది. పొయ్యిలో పెడితే చివర్ల నుంచి నురుగు కక్కుతూ బుస్సుమంటుంది, ఆ వెనకే పొగ. మామూలుగా ఒక వాయి హల్వాకి 40 కిలోల కర్ర చాలు. దసరా వాయిలకి 70 కిలోలు పట్టింది.

"గ్యాసుకి మారిపోవచ్చుగా" అని మా అబ్బాయి, మీలో కూడా కొందరు అడిగారు. అడిగినందుకు నాకు కోపం లేదు. ఒక వాయి గ్యాసు మీద వండి చూశాం. నాలుగు కిలోల పైన గ్యాసు అయింది, మాకు పడే సిలిండర్ ధరకి 380 రూపాయలు. దసరాకి కాల్చిన 70 కిలోల పచ్చికర్ర ఖరీదు 364. ఎండు కర్ర 40 కిలోలయితే 208. హల్వా ఎలా వచ్చిందంటే, బాగానే వచ్చింది. మా అత్తయ్య తిని "బాగుందే" అన్నారు. నేను ఇంకో ముక్క తిన్నాను, మర్నాడు మళ్లీ తిన్నాను. రంగు వచ్చింది, నెయ్యి తేలింది, ఆ కమ్మదనం మాత్రం నాకు దొరకలేదు. నా నాలుక అలవాటు అలాంటిదేమో అని మా అబ్బాయి అన్నాడు. కావచ్చు. వారం రోజులు ఇదే ఆలోచన. పొయ్యి ముందు కూర్చుంటే ఒక మాట, లెక్కల పుస్తకం ముందు కూర్చుంటే ఇంకో మాట. చివరికి నెయ్యి కాచడం, మిక్చర్, జంతికలు గ్యాసుకి మార్చాను. హల్వా కట్టెల మీదే. మావయ్యగారు కట్టిన పొయ్యి అది, నా చేతుల మీదుగా ఆర్పను.

ఇక కర్ర సంగతి. ఇప్పుడు అడితి మీద ఆధారపడకుండా నేనే తిరుగుతున్నాను. జీడితోటల రైతులు పంట అయిపోయాక ఎండుకొమ్మలు కొట్టిస్తారు. కూలీ, ట్రాక్టర్ మనమే పెట్టుకుంటే కర్ర ఖరీదు పెద్దగా పడదు. ఇద్దరు రైతులతో మాట్లాడాను, వేసవిలో వాళ్ల తోటలు మావే. సామిల్లులో మామిడి దుంగలు కోసినప్పుడు వచ్చే పక్కచెక్కలు పలచగా ఉండి త్వరగా ఎండుతాయి, ఇప్పుడు నా పొయ్యి వాటితోనే నడుస్తోంది. పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు ఉచితంగా ఇస్తామన్నారు. రంగూ జిగురూ కాలిన పొగ తినే వస్తువు దగ్గరకి రానివ్వను. జీడిపిక్కల పెంకు చవగ్గా దొరుకుతుందని ఒకరు చెప్పారు. అందులో నూనె చర్మం మీద పడితేనే బొబ్బలెక్కుతుంది, ఆ పొగ హల్వాకా? చెరకు పిప్పి బెల్లం వండేవాళ్లకి బంగారం, భగ్గున మండి ఆరిపోతుంది కాబట్టి నాకు రాజేయడానికే పనికొస్తుంది. దానికైతే కొబ్బరిమట్టలు చాలు, బొండాల బండి అబ్బాయి ఊరికే ఇస్తున్నాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా చుట్టుపక్కల జీడిచెట్లు ఎన్ని పడిపోయాయో చూసినవాళ్లకి తెలుసు. తోటల వాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటూ తీసుకుపొమ్మన్నారు. ఊరికే తీసుకోవడానికి మావయ్యగారికి మనసొప్పక ఎంతో కొంత చేతిలో పెట్టి తెచ్చారు. ఆ కర్ర 2016 వేసవి దాకా వచ్చింది. రోడ్డు పక్క పడిన చెట్టు మాత్రం ముట్టుకోలేదు, అది ప్రభుత్వానిది. సొంత చెట్టు కొట్టాలన్నా, చెట్ల నరికివేతని కట్టడి చేసే వాల్టా చట్టం కింద అనుమతి కావాల్సి వస్తుంది. అందుకే మీ పెరట్లో ఎండిపోయిన చింతో మామిడో ఉంటే ముందు అనుమతి సంగతి చూసుకుని నాకు చెప్పండి. అనకాపల్లి, చోడవరం, మాడుగుల వైపు ఎక్కడైనా మనుషుల్ని పంపి కొట్టించుకుంటాను, న్యాయమైన ధర ఇస్తాను.

మిగిలిన జామాయిల్ అంతా చీల్చి షెడ్డులో పేర్పించాను. గోడ మీద బొగ్గుతో తేదీ కూడా రాశాను. ఫిబ్రవరి దాకా దాన్ని కదపను. అప్పటివరకు సామిల్లు చెక్క ఎంత దొరికితే అన్ని వాయిలే, వారానికి మూడు. కార్తీకమాసం ఆర్డర్లు నాలుగైదు రోజులు ఆలస్యమవుతాయి. అంత ఆగలేని వాళ్లు ఇప్పుడే చెప్పండి, ఆ రోజే డబ్బు వెనక్కి వేస్తాను. పచ్చికర్రతో మాత్రం ఇంకో వాయి వండను.