వలసతో పొలం బీడే పడుతుందా?

సంపాదకులకు నమస్కారం.

వలసలు, పల్లె జీవనాధారాలు, భూవినియోగం మీద జరుగుతున్న పరిశోధనల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. నారాయణపేట జిల్లా మక్తల్ ప్రాంతంలో పాతికేళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి, దీపావళి వెళ్లగానే సగం ఖాళీ అయ్యే తరగతి గదుల్లో హాజరు తీసుకున్నవాణ్ణి కనుక, అందులోని ఒక్క మాటతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. మనుషులు వెళ్లిపోతే భూములు బీడు పడతాయన్నది ఆ మాట. పడేవి పడతాయి, కాదనను. కానీ మా వైపు ఎక్కువగా జరిగింది అది కాదు.

ప్రియా దేశింగ్కర్ వంటి పరిశోధకుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కరువు తరిమితే పోవడం ఒక్కటే వలస కాదనీ, కొన్ని కుటుంబాలు దానితో నాలుగు డబ్బులు వెనకేసుకున్నాయనీ ఆమె 2003లోనే డేనియల్ స్టార్ట్‌తో కలిసి చూపించారు. స్వల్పకాలిక వలస కూలీలు 1.36 కోట్ల మందని 2007-08 జాతీయ నమూనా సర్వే లెక్క కట్టగా, దేశంలో వచ్చిపోయే వలస కూలీలు దాదాపు 10 కోట్ల మందని ఆమె, షాహీన్ అఖ్తర్ 2009లో అంచనా వేశారు. ఆ సర్వే నెల నుంచి ఆరు నెలల లోపు బయట ఉన్నవారినే స్వల్పకాలిక వలసగా తీసుకుంది. కూలీలను కుదిర్చి తీసుకెళ్లే మేస్త్రీ కింద ఏడెనిమిది నెలలు పనిచేసి ఉగాదికో జాతరకో ఇల్లు చూసిపోయే పాలమూరు కూలీ ఆ లెక్కకు అందడు.

ఇక పొలం సంగతి. మా నల్లరేగడిలో యాసంగి జొన్న వేసేవారు. గింజ పాలు పట్టింది మొదలు కోత దాకా పొద్దున, సాయంత్రం ఒక మనిషి మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను తోలాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో పనిచేసే చేతులన్నీ పుణెలోనో ముంబైలోనో ఉంటాయి. ఊరంతా జొన్న వేస్తే పిట్టలు తలా కాస్త తిని పోతాయి గానీ, చుట్టూ పత్తి పెట్టి నడుమ ఒక్క ముసలాయన ఎకరం జొన్న వేస్తే కంకికి గింజ మిగలదు. అట్లా ఒకరిని చూసి ఒకరు మానేశారు. జొన్న పోయాక చొప్ప లేదు, చొప్ప లేక ఎద్దులు అంగడికి పోయాయి, ఎద్దులు లేక దుక్కికి కిరాయి ట్రాక్టరు, పెంట లేక సంచి ఎరువు వచ్చాయి. ఈ కిరాయికీ ఎరువుకూ మళ్లీ మేస్త్రీ దగ్గరే అడ్వాన్సు తీసుకోవాలి. రికార్డులో మాత్రం ఆ భూమి నిక్షేపంగా సాగులోనే ఉంది.

భీమా ఎత్తిపోతల నీళ్లు పారిన ఊళ్లకు చాలామంది తిరిగివచ్చి వరి వేస్తున్నారు. అక్కడ ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుని నాట్లు వేసేది బీహార్, బెంగాల్ కూలీలు. ఒకప్పుడు మేస్త్రీ వెంట పోయి మట్టి మోసినవాడే నేడు గట్టు మీద నిలబడి మరో మేస్త్రీతో బేరమాడుతుంటే చూడటం నాకింకా అలవాటు కాలేదు.

వెళ్లినవారి భూమిలో కొంత నోటిమాట కౌలుకు పోతుంది. కాగితం రాస్తే భూమి దక్కదన్న భయం కౌలుదారుకు భూమిపై హక్కులిచ్చిన 1950 నాటి రక్షిత కౌలుదారు చట్టం నుంచీ పట్టాదారులను వదల్లేదు. 2020లో వచ్చిన ధరణి భూరికార్డుల పోర్టల్ ఉన్నన్నాళ్లూ పహాణీలో అనుభవదారు (పొలం సాగు చేస్తున్నవారి) కాలమ్ కూడా లేకుండా పోయింది. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవారి ఖాతాలో పడింది తప్ప దున్నినవారికి అందలేదు.

2027 జనగణనలో తలలు లెక్కించేది ఫిబ్రవరిలో. అప్పటికి మా కూలీలు ఊళ్లో ఉండరు. ఎక్కడో ఒకచోట వారి తలలను లెక్కిస్తారేమో గానీ, వారి పొలంతో కలిపి చూసేవారు ఉండరు. వ్యవసాయ విస్తరణ అధికారులు ప్రతి సీజనులోనూ పంటల నమోదు ఎలాగూ చేస్తున్నారు. ఆ సర్వే నంబరు ఎదుటే దున్నుతున్నది ఎవరు, ఆ ఇంటి నుంచి ఎందరు ఎన్ని నెలలుగా బయట ఉన్నారు అన్న రెండు వివరాలు చేర్చాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను. తొలకరికి అందరూ ఇంటికి చేరతారు కనుక, అడగవలసింది జూన్‌లోనే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మక్తల్, నారాయణపేట జిల్లా