కుడి చెవి

దోస్తూ,

నీ ఫోన్ ఎత్తలేదని కోపానికి రాకు. మంగళారం పొద్దుగాల మిల్లు కాక పోయిండు. అదే, మన గల్లీ చివర వేపచెట్టు ఇంటి కాక. రెండు రోజులు ఆ ఇంట్లనే ఉన్న. ఫోన్ల చెప్తె సగంల నా గొంతు పూడుకపోతదని తెలుసు, అందుకే రాస్తున్న. డ్యూటీ దిగినంక తీరికగ చదువు.

కాక ఆర్నెల్ల సంది మంచం మీదనే ఉండె. రాత్రి ఇంత అంబలి తాగి పండుకున్నడట, తెల్లారి లేపితె లేవలే. పండుటాకు, పుణ్యాత్ముడు అన్నరు అందరు. నేను పోయేసరికి వాకిట్ల పండవెట్టి తలకాడ దీపం ముట్టిచ్చిన్రు. ఒకదిక్కు పాడె కడుతున్నరు, ఇంకోదిక్కు డప్పులోళ్లు మంటేసి డప్పులు కాపుకుంటున్నరు. అరుగు మీద మిల్లోళ్లు ఐదుగురు కూసున్నరు. ఇగ మిగిలింది గంతమందే. ఒకరి మాట ఒకరికి ఇనవడదు గద, పాత లెక్కనే చేతులతోని మాట్లాడుకుంటున్నరు. ఆ చేతులు చూస్తుంటె బాపు యాదికొచ్చిండు.

మనం పుట్టకముందు సంది మన గల్లీకి బువ్వ పెట్టింది వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లే. 1934ల, ఏడో నిజాం కాలంల, ఆయన పెద్దకొడుకు పేరు మీద పెట్టిన మిల్లు. మా తాత అండ్లనే, బాపు అండ్లనే. మగ్గాలు నడిచే షెడ్డుల ఆ దడదడకు పక్కనున్నోడు మొత్తుకున్నా ఇనవడదట. పెదాలు చూసి, సైగలు చేసి పని నడిపేటోళ్లు. అట్ల చేసీ చేసీ బాపుకు ఎడమ చెవి పూరా పోయింది, కుడిది సగం మిగిలింది. సైరన్ కూసినంక ఇంటికొస్తె కనుబొమ్మల మీద, చెవి వెంట్రుకల మీద తెల్లగ దూది నుసి. అవ్వ కొంగు తడిపి ముందుగాల ఆ చెవులే తుడుస్తుండె. నేను కుడి పక్కకే పోయి కూసుండి, చెయ్యి అడ్డం పెట్టి "బాపూ!" అని ఒర్రేది. "మెల్లగ చెప్పురా, ఇనవడుతనే ఉన్నది" అనేటోడు. ఇనవడకపోయేది. నాకు తెలుసు.

ఇగ అసలు సంగతి. కాకకు కొడుకులు లేరు గద, అక్కనే అగ్గికుండ పట్టుకున్నది. ఆడపిల్ల ఎట్ల పడ్తదని ఒకరిద్దరు గునిసిన్రు, ఆమె లెక్కచెయ్యలే. మంచిపని చేసింది. ఉర్సుగుట్ట దిక్కు సగం తొవ్వ పోయినంక దింపుడుకల్లం కాడ పాడె దించి డప్పులు ఆపిన్రు. "చెవుల మూడుసార్లు పిలువు బిడ్డా" అని పెద్దమనిషి ఎడమ దిక్కు జాగ ఇచ్చిండు. అక్క వంగింది. వంగి, ఆగి, మళ్ల లేచింది. "ఆ చెవి ఇనవడదు" అన్నది. పాడె చుట్టు తిరిగి కుడి దిక్కుకొచ్చి, మట్టిల మోకాళ్ల మీద కూసుండి, నోటికి చెయ్యి అడ్డం పెట్టి పిలిచింది. బాపూ. బాపూ. బాపూ.

నేను పక్కకొచ్చి కరెంటు స్తంభం పట్టుకొని ఏడ్సిన. నాలుగేండ్ల సంది ఏడ్వనిదంత ఏడ్సిన.

2021 మే నీకు తెలుసు. వస్తె మళ్ల షార్జాకు రానియ్యరని నువ్వు అక్కడనే ఆగినవు. ఇక్కడ లాక్‌డౌన్, పొద్దుగాల ఆరు సంది పది దాక్నే బయటికి ఇడుస్తుండె. బాపు పోయిండని దవాఖాన నుంచి ఏడింటికి ఫోనొచ్చింది. జిప్పు కవర్ల పెట్టి తెచ్చిన్రు. పాడె లేదు, డప్పు లేదు, దింపుడుకల్లం లేదు. కిట్లు ఏసుకున్నోళ్లు నలుగురు మోసిన్రు, మమ్ముల ఇరవై అడుగుల దూరం నిలవెట్టిన్రు. వాళ్లను నేను తప్పువట్ట. పానం మీదికి తెచ్చుకొని ఎవరెవరి బాపులనో మోసిన్రు. గని ఆ కవర్ల తల ఎటుందో, కుడి చెవి ఎటుందో గూడ నాకు తెల్వలే. బతికినన్ని రోజులు ఆయన చెవుల ఒర్రిన నేను, ఆఖరుసారి పిల్వలేకపోయిన. చెయ్యెత్తి నిలవడ్డ, అంతే.

అస్థికల ముంతను బాపు తువ్వాలల చుట్టి పెరట్ల జామచెట్టుకు కట్టినం. అవ్వ రోజు పొద్దుగాల ఆ చెట్టు మొదట్ల ఊడ్చేది. జూన్‌ల లాక్‌డౌన్ ఎత్తేసినంక కాళేశ్వరం పోయి, ప్రాణహిత గోదారిల కలిసే కాడ కలిపినం. గుడిల ఒక్క పానవట్టం మీద రెండు లింగాలు గద, ఒకటి యమునిది, ఒకటి శివునిది. అవ్వ యముని లింగం ముంగట చానసేపు నిలవడ్డది. ఏమడిగిందో నేను అడుగలే.

మొన్న స్నానాలైనంక మిల్లోళ్లల్ల ఒకాయన నా పక్కకొచ్చి కూసున్నడు. ఎందుకు ఏడ్సినవని అడుగలే, అక్క చెప్పినట్టుంది. "మీ బాపును షెడ్డుల మేం నోటితోని పిలిచిందే లేదు బిడ్డా. ఎవరికి ఇనవడుతది? గిట్ల పిలుస్తుంటిమి" అని కుడి చెయ్యి తల మీదికెత్తి, రెండు వేళ్లు మడిచి, చెవి దిక్కు వంచి చూపిచ్చిండు. నాతోని గూడ చేపిచ్చిండు. బొటనవేలు తప్పు పెడితె పట్టుకొని సరిచేసిండు. ఆయన వేళ్లు ఇంకా నున్నగనే ఉన్నయి, దారం పట్టిన వేళ్లు. "షెడ్డు ఆ కొసకున్నా చూసేటోడు" అన్నడు.

నిన్న పిట్టకు పెట్టినం. చేపలకూర, గట్క, ఒక బీడీల కట్ట. కాకి జల్దినే ముట్టింది, అక్క మొఖం తేటవడ్డది. వచ్చే శుక్కురారం దినాలు. అటెన్క రెండు రోజులకే పెత్రమాస. పొద్దుగాల బాపు పేరు మీద బియ్యం ఇయ్యాలె, మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ. ముందు రోజు మామునూరు దిక్కు చెలకల పొంటి తిరిగి గునుగు పూలు కోసుకొచ్చేది బాపే, మనిద్దరం సైకిల్ ఎన్క ఉరికేటోళ్లం. ఈసారి నా బిడ్డను తీస్కపోత.

దసరాకు లీవు దొరుకుతదో లేదో రాయి. వస్తె ఆ సైగ నీకు చేసి చూపిస్త, రాస్తె సమజ్ కాదు.

నీ
దోస్తు