పలమనేరు దారిలో సంగటి ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇటీవల పని మీద నేనూ, నా గుంటూరు స్నేహితుడూ తిరుపతి నుంచి పాకాల, పూతలపట్టు, బంగారుపాళెం మీదుగా పలమనేరు దాకా రెండు రోజులు తిరిగాం.

మొదటిరోజు మధ్యాహ్నం నాలుగు బల్లలున్న చిన్న హోటల్లో తిన్నాం. ఆకులో వేడి రాగి సంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన చెనిగ్గింజల ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి), ఆకుకూర పప్పు. సంగటి తినడం మావాడికి అదే మొదలు. వడ్డించే అమ్మ "ఇంకో ముద్ద పెట్టేదా నాయనా?" అంటే కాదనలేకపోయాడు. నాకైతే ఊరిబిండితోనే కడుపు నిండింది.

రెండోరోజు చెన్నై–బెంగళూరు రహదారి పక్కన ఆగాం. బిర్యానీ, ఫ్రైడ్ రైస్ తప్ప ఇంకేం లేవు. సంగటి అడిగితే "ఇప్పుడెవరు తింటారు సార్" అన్నారు. జగ్గులో నీళ్లు కూడా పెట్టలేదు, బాటిల్ కొనుక్కోవాల్సిందే. మావాడి ముందు నాకు చాలా బాధేసింది.

2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. రాగులు, వేరుశెనగ మన రైతులు పండించేవే. చిత్తూరు జిల్లా హోటళ్ల యజమానులు మధ్యాహ్నం పూట సంగటి ఒక్కటైనా వండాలని, తాగే నీళ్లు ఉచితంగా పెట్టేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి