హంబన్‌తోట జప్తు కాలేదు

సంపాదకులకు నమస్కారం.

శ్రీలంక ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అప్పు తీర్చలేదని హంబన్‌తోట ఓడరేవును చైనా జప్తు చేసుకుందని మన పత్రికలూ ఛానెళ్లూ రాస్తూనే ఉన్నాయి. ఈ మాట సరికాదని తెలుసుకోవడానికి ఆ ఒప్పందాన్ని చదివితే చాలు.

2017లో చైనా మర్చంట్స్ పోర్ట్ సంస్థ 99 ఏళ్ల లీజుకు శ్రీలంకకు సుమారు 112 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ సొమ్ము రేవు కట్టడానికి అప్పిచ్చిన చైనా ఎగ్జిమ్ బ్యాంకు బాకీ కింద జమ కాలేదు. అది విదేశీ మారక నిల్వల్లో చేరింది. ఆ రుణాలు ప్రభుత్వ ఖజానా మీద అలాగే ఉండిపోయాయి. డాలర్లకు కటకటపడుతున్న ప్రభుత్వం ఉన్న ఆస్తిని లీజుకిచ్చి నగదు తెచ్చుకుందన్నమాట. ఆ కటకటకు పెద్ద కారణం 2007 నుంచి అంతర్జాతీయ మార్కెట్లో అమ్ముతూ వచ్చిన సార్వభౌమ బాండ్లు, అంటే ప్రభుత్వం అప్పు కోసం జారీ చేసే పత్రాలు. 2022 ఏప్రిల్‌లో కొలంబో చెల్లింపులు ఆపేసేనాటికి ప్రభుత్వ విదేశీ అప్పులో సుమారు మూడో వంతు అవే. మన వార్తల్లో మాత్రం వాటి ఊసు అరుదు.

చైనాను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. రేవు మొదటి దశ నిర్మాణానికి ఇచ్చిన 30.7 కోట్ల డాలర్ల రుణంపై 6.3 శాతం వడ్డీ ఎక్కువే. 2010లో మొదలైన రేవుకు ఏళ్ల తరబడి తగినన్ని ఓడలు రాలేదు. 2022 ఆగస్టులో ఉపగ్రహాలు, క్షిపణుల జాడ పట్టే చైనా నౌక యువాన్ వాంగ్-5 అక్కడ ఆగినప్పుడు మన ప్రభుత్వం ఆందోళన చెందడం సబబే.

నాకు బాధ కలిగించేది కొలంబో వార్తల్లో మన తీరు. 2021 ఫిబ్రవరిలో కొలంబో రేవులోని తూర్పు టెర్మినల్‌పై భారత్, జపాన్‌లతో చేసుకున్న ఒప్పందం నుంచి శ్రీలంక వెనక్కి తగ్గినప్పుడు ఇక్కడ చాలా కథనాలు నేరుగా చైనా హస్తాన్ని వెతికాయి. ఆ టెర్మినల్ పూర్తిగా తమ పోర్ట్స్ అథారిటీ చేతిలోనే ఉండాలని పట్టుబట్టిన రేవు కార్మికుల వాదన వాటిలో ఏ మూలో ఒక వాక్యమైంది. అదే ఏడాది పశ్చిమ టెర్మినల్‌లో అదానీ సంస్థకు మెజారిటీ వాటాతో 35 ఏళ్ల ఒప్పందం కుదిరితే అది భారత్ విజయమైంది. చైనా లీజైతే కబ్జా, మనదైతే భాగస్వామ్యం అని రాస్తే పొరుగువారు మనల్ని ఎలా నమ్ముతారు? విశాఖలో ఉంటున్న నాకు ఇది దూరపు సంగతి కాదు. ఇక్కడి కంటైనర్లు ఎన్నో కొలంబోలో ఓడ మారి వెళ్తాయి.

అందుకే మీ పత్రికకు ఒక విన్నపం. హంబన్‌తోట గురించైనా, కొలంబో పశ్చిమ టెర్మినల్ గురించైనా రాసేటప్పుడు పెట్టుబడి ఎవరిది, వడ్డీ ఎంత, గడువు ఎన్నేళ్లు, ఆశించినన్ని ఓడలు రాకపోతే నష్టం ఎవరు భరించాలి అన్న వివరాలు ఇవ్వండి. అక్కడి కార్మికులనూ జాలర్లనూ కలిసి, వారి మాటలు కూడా అచ్చు వేయండి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం