నేను ఇక్కడ ఉండటమే ఆయన అనర్హతా?

కెనడా వలసలు, పౌరసత్వ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మిసిసాగాలో ఉంటున్న శాశ్వత నివాసిని. మా వారు కాకినాడలో ఉన్నారు. ఆయన్ను శాశ్వత నివాసిగా ఇక్కడికి రప్పించుకోవడానికి, స్పాన్సర్‌గా (ఆయనకు పూచీ పడే మనిషిగా) నేను పెట్టిన ఫైలు వరుసలో ఉంది. ఆలస్యం గురించి ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఏడాది, అంతకు మించి కూడా పట్టవచ్చని తెలిసే పెట్టాను. నా బాధంతా ఈలోగా మేమిద్దరం ఎక్కడ కలిసి ఉండాలన్నదే.

కెనడా పౌరులైతే విదేశంలో ఉంటూ కూడా భార్యనో భర్తనో స్పాన్సర్ చేయవచ్చు. వీసా వచ్చాక తిరిగివచ్చి ఇక్కడే కాపురం పెడతామని చూపిస్తే చాలు. శాశ్వత నివాసికి ఆ వెసులుబాటు లేదు. నేను ఉద్యోగం మానేసి కాకినాడలో కాపురం పెడితే స్పాన్సర్ చేసే అర్హతే పోతుంది. పోనీ, ఆయనే కొన్నాళ్లు వచ్చి వెళతారని విజిటర్ వీసాకు దరఖాస్తు చేద్దామంటే, మాలాంటి జంటల్లో కొందరికి వచ్చే జవాబు తెలిసిందే: కెనడాలో మీకున్న కుటుంబ సంబంధాల దృష్ట్యా, గడువు తీరాక తిరిగి వెళతారన్న నమ్మకం కలగలేదు. ఒక ఫైలులో మేము భార్యాభర్తలమని రుజువు చేసుకోవాలి. రెండో ఫైలుకు ఆ రుజువే అడ్డం.

రుజువులకు లోటు లేదు. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, రిజిస్ట్రారు ఇచ్చిన సర్టిఫికెట్, నెలల తరబడి మాట్లాడుకున్న ఫోను కాల్స్ పట్టీ, అన్నీ జతచేశాను. దరఖాస్తులో పెళ్లికి ఎంతమంది వచ్చారన్న ప్రశ్న దగ్గర ఆగిపోయి నాన్నగారికి ఫోను చేస్తే, ఆయన వంటవాళ్లకు డబ్బు కట్టిన విస్తళ్ల లెక్క చెప్పారు. అదే రాశాను. దొంగ పెళ్లిళ్లు లేవని నేను అనను, ఎన్ని ప్రశ్నలైనా వేయండి. కానీ అనుమానానికీ ఒక హద్దుండాలి. స్పాన్సర్ మీద కొత్తగా వచ్చిన కొందరు భార్యలు, భర్తలు ఆ స్పాన్సర్‌తో రెండేళ్లు కలిసి కాపురం చేయకపోతే హోదా పోతుందని 2012లో పెట్టిన షరతును 2017లో మీ ప్రభుత్వమే ఎత్తేసింది. హోదా పోతుందన్న భయంతో హింసను భరిస్తూ ఉండిపోయే పరిస్థితి రాకూడదనే కదా?

మీ వలస చట్టం 22వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఏమంటోంది? శాశ్వతంగా స్థిరపడాలన్న ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అది అడ్డు కాదు, గడువులోగా వెళతారని అధికారికి నమ్మకం కలిగితే చాలు. అయినా స్పాన్సర్ ఫైలు నడుస్తున్న మనిషి గడువు దాటి ఉండిపోయి, చేతికందబోయే హోదాను ఎందుకు చెడగొట్టుకుంటాడు? ఆయన ఖర్చులకు మూడేళ్ల పాటు పూచీ పడుతూ సంతకం చేసిందీ నేనే. రేపు విడాకులైనా, నా ఉద్యోగం పోయినా ఆ పూచీ తప్పదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. స్పాన్సర్‌కు అర్హత ఉందని మీ శాఖ తేల్చిన తర్వాత, కెనడాలో జీవిత భాగస్వామి ఉన్నారన్న ఒక్క కారణంతో విజిటర్ వీసా తిరస్కరించకూడదని అధికారులకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. వేరే కారణం ఉంటే అదేమిటో తిరస్కరణ లేఖలో స్పష్టంగా రాయమనండి. అది కుదరదంటే, పౌరులకిచ్చిన వెసులుబాటు మాకూ ఇవ్వండి, నేనే కాకినాడ వెళ్లి ఉంటాను.

భవదీయురాలు,
మిసిసాగా నుంచి ఒక శాశ్వత నివాసి