చెక్కుబందిలో నీటి గీత కూడా రాయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీలో అడుగున ఒక వెంచర్ ప్రకటన చూశాను. "రివర్ వ్యూ ప్లాట్లు, పక్కా వాస్తు, బ్యాంకు లోను సౌకర్యం కలదు" అని. తుంగభద్ర కనబడేచోట ఇల్లుండాలని కోరుకోవడంలో తప్పేం లేదు. ఎటొచ్చీ తుంగభద్రకు కూడా ఆ ఇల్లు కనబడుతుంది. 2009 అక్టోబర్ వరదప్పుడు కర్నూల్లో ఉన్నవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

నేను దస్తావేజు లేఖరిని. ఇల్లు కొనేవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి చాలా దూరం నడిచి వచ్చి ఉంటారు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే కాగితం) తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందటి దస్తావేజులు) అడుగుతారు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూపిస్తారు, వకీలు దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకుంటారు, పెళ్లయిపోయిన ఆడబిడ్డల సంతకాలు ఉన్నాయా అని రెండుసార్లు ఆరా తీస్తారు. వీధిపోటు ఉందని కుదిరిన బేరం వదులుకున్నవాళ్లనూ చూశాను. కానీ "2009లో ఈ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చినాయప్పా?" అని అమ్మేవాణ్ణి మొహం మీద అడిగినవాళ్లు అరుదు. అడిగినా వచ్చే జవాబు ఒకటే: "ఊరంతా వచ్చినాయి, మాకూ వచ్చినాయి."

ఊరంతా ఒకేలా రాలేదు. అది నేను చెప్పదలుచుకున్న మొదటి సంగతి. ఒక వీధిలో మోకాలి లోతు, సందు తిరిగితే మిద్దె అంచు దాకా. పాతబస్తీలో చాలా ఇళ్లలో గోడ మీద బురద గీత ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఇంతకన్నా మంచి సర్వే రికార్డు ఎవరూ తయారు చేయలేరు. అయితే ఇల్లు అమ్మకానికి పెట్టగానే మొదట జరిగే పని పుట్టీ పెట్టి రంగు కొట్టడం. దాంతో ఆ రికార్డు చెరిగిపోతుంది.

ఇంకో రికార్డు నా చేతుల మీదుగానే మారిపోవడం చూస్తున్నాను. పాత దస్తావేజుల్లో చెక్కుబంది, అంటే నాలుగు హద్దుల వివరం, చదివితే స్థలం గుణం తెలిసేది. "తూర్పు: ఫలానావారి మిద్దె, దక్షిణం: వంక పోరంబోకు" అని ఉండేది. వంకంటే వాననీళ్లు పారే వాగు. అదే స్థలం రెండు చేతులు మారాక "దక్షిణం: బాట" అయింది. తరువాతి దస్తావేజులో "దక్షిణం: 20 అడుగుల రోడ్డు". పార్టీలు చెప్పిందే మేం రాస్తాం. ఇప్పుడక్కడ రోడ్డు ఉన్న మాటా నిజమే. కాకపోతే ఆ రోడ్డు కింద వంక ఉందన్న సంగతి పెద్ద వాన పడిన రాత్రి దాకా ఎవరికీ గుర్తుండదు. అందుకే కొనేవాళ్లకు నేను చెప్పేది, ఒక్క లింకు డాక్యుమెంటుతో ఆగకండి, దొరికినంత వెనక్కి వెళ్లి నాలుగు హద్దులూ చదవండి. సర్వే శాఖ నుంచి గ్రామ నక్ష (ఊరి పటం), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) తీసుకుంటే వంకలు, కాలువలు, చెరువు శిఖాలు (చెరువు నీళ్లు నిలిచే నేల) అందులో గీసి ఉంటాయి. కాలనీకి ఏ పేరు పెట్టుకున్నా నక్షలో వంక చెదరకుండా ఉంటుంది.

2009 వరద ఎందుకు వచ్చిందో మన పిల్లలకు తెలియదు, కాబట్టి కొంచెం చెబుతాను. ఆ ఏడు వానాకాలం ఎండిపోయి కరువు మండలాలు ప్రకటించే పరిస్థితి. సెప్టెంబర్ ఆఖరులో పట్టిన ముసురు ఇక్కడా, పైన రాయచూరు, బళ్లారి వైపూ కలిపి దంచింది. అక్టోబర్ 2, గాంధీ జయంతి సెలవు రోజున ఊరు మునిగింది. పైన సుంకేసుల బ్యారేజీ మీదుగా నీళ్లు పొర్లాయి, ఊరి మధ్యనుంచి హంద్రీ నది వచ్చి తుంగభద్రను ఎగదోసింది. కింద శ్రీశైలం జలాశయం నిండిపోయి ఉంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ వరదకు అది 896 అడుగులు దాటింది, లోపలికి వచ్చిన ప్రవాహం సుమారు 25 లక్షల క్యూసెక్కులు. సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలవాల్సిన తుంగభద్రకు ముందుకు పోయే దారి లేదు. పైనుంచి తోసే నీళ్లు, కిందనుంచి ఎగదన్నే నీళ్లు, నడుమ మన ఊరు. ఇది మళ్లీ రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి నదీతీరం కాలనీల్లో ఎంతమందికి కంటిమీద కునుకు పట్టలేదో మీ విలేఖర్లే రాశారు.

సరే, అది పెద్ద వరద. నదికి దూరంగా ఉన్నాం, మాకేం అనుకునేవాళ్లకు పక్క జిల్లాలు చూపిస్తాను. కడపలో బుగ్గవంక 2001లో ఊరిని ముంచింది, 2020లో నివర్ తుపానుకు మళ్లీ వీధుల్లోకి వచ్చింది. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ఊడ్చేసింది. అనంతపురం, దేశంలో వాన తక్కువ పడే చోట్లలో ఒకటని బడిలో చదువుకున్నామే, ఆ అనంతపురంలో 2022 అక్టోబర్లో నడిమివంక కాలనీల్లోకి దూరింది. 2024 అక్టోబర్లో పండమేరు పొంగింది. ఇవేవీ పెద్ద నదులు కావు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తప్ప చుక్క నీళ్లుండవు. కరువుసీమ మనిషికి ఎండిన వంక చూస్తే ఖాళీ స్థలంలా కనబడుతుంది, తంటా అంతా అక్కడే.

ఇంజనీర్లు "వందేళ్లకోసారి వచ్చే వరద" అంటుంటారు. వినేవాళ్లు 2009లో వచ్చింది కాబట్టి ఇక 2109 దాకా నిశ్చింత అనుకుంటారు. దాని లెక్క అది కాదు. ఆ స్థాయి వరద ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. నిరుడు వచ్చినా ఈ ఏడు కూడా నూటికి ఒకటే. అలా ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉంటే, ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 26. ఇరవై ఏళ్ల హోంలోను తీసుకున్నవాడికి, లోను తీరేలోపు నూటికి 18. ఈసీలో తాకట్టు ఉంటుందేమోనని ముప్పై ఏళ్లు వెనక్కి చూసేవాళ్లం, నీళ్ల విషయంలో ముప్పై ఏళ్లు ముందుకు చూడొద్దా?

ఇక బీమా. ఇక్కడ మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఉన్నంత గందరగోళం ఇంకెక్కడా చూడలేదు. బండికి బీమా ఉంటుంది, ప్రాణానికి ఉంటుంది, వేరుశనక్కాయ పంటకు కూడా ఉంటుంది. జీవితమంతా కూడబెట్టి కట్టిన ఇంటికి మాత్రం ఉండదు. ఎందుకని అడిగితే "లోను ఇచ్చేటప్పుడు బ్యాంకోళ్లు కట్టించుకున్నారు సార్" అంటారు. ఆ కాగితం తెప్పించి చూస్తే చాలాసార్లు అది లోను తీసుకున్న మనిషికి ఏమైనా అయితే బాకీ తీర్చే బీమా. ఇంటి గోడకూ దానికీ సంబంధం లేదు. కొందరికి నిజంగానే ఇంటిమీద పాలసీ ఉంటుంది, కానీ లోను మొత్తానికే, అదీ ఇంటి కట్టడం వరకే. లోపల ఉన్న ఫ్రిజ్జు, మంచాలు, బీరువా అందులో లేవు. వరద తగ్గాక బురద ఎత్తుకుంటూ ఈ సంగతి తెలుసుకోవడం కన్నా, ఈ ఆదివారం ఆ కాగితం బయటికి తీసి చదవడం మేలు.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ "భారత్ గృహ రక్ష" అనే ఒకే నమూనా పాలసీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. కంపెనీ ఏదైనా షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, భూకంపంతోపాటు తుపాను, వరద, ముంపు అందులోనే ఉంటాయి, వాటికి విడిగా అడగక్కర్లేదు. ఇంట్లో సామాన్లకు, ప్రత్యేకంగా జాబితా రాసివ్వకపోయినా, కట్టడం బీమా మొత్తంలో 20 శాతం దాకా వర్తిస్తుంది, గరిష్ఠం 10 లక్షలు. వరద వచ్చిన ఏడు రోజుల్లోపు దానివల్ల ఇంట్లో దొంగతనం జరిగితే అదీ వస్తుంది. ముంపు ఇంటిని వదిలి పోవడానికి భయపడి మిద్దె మీదే పడుకున్నవాళ్లకు ఈ షరతు విలువ తెలుసు.

నా వృత్తివాళ్లకు విచిత్రంగా తోచే సంగతి ఒకటుంది. రిజిస్ట్రేషన్‌లో స్థలం విలువ కూడా లెక్కకు వస్తుంది. రెండు సెంట్ల పాత మిద్దెకు కూడా స్థలం రేటు, కట్టడం విలువ కలిపి స్టాంపు డ్యూటీ కడతాం. బీమాలో స్థలానికి పైసా లెక్కలేదు. వరద వచ్చి పోయినా నేల అక్కడే ఉంటుంది కదా. అక్కడ చూసేది ఆ ఇంటిని మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందనే. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుక్కి రెండు వేలు అనుకుంటే 20 లక్షలు. ఆ మొత్తానికి చేయిస్తే సామాన్లకు 4 లక్షలు దానంతటదే వస్తుంది. "నా ఇల్లు 80 లక్షలు, అంత ప్రీమియం ఎక్కడ కట్టేది" అని వెనక్కి తగ్గేవాళ్లకు ఈ లెక్క చెబితే సగం భయం పోతుంది. ప్రీమియం కూడా బండి బీమా కట్టే మనిషి కళ్లు తేలేసేంత ఉండదు. నాలుగు చోట్ల అడిగి పోల్చుకోండి.

పాత రకం పాలసీల్లో ఇంకో ముల్లు ఉండేది. 20 లక్షల ఇంటికి 10 లక్షలకే బీమా చేస్తే, నష్టం ఎంతైనా అందులో సగమే ఇచ్చేవాళ్లు. గృహ రక్షలో ఆ కోత లేదు. అయితే నగదు, పత్రాలు, వాహనాలు ఇందులో రావు. బంగారం నగలకు వేరే అడిగి చేర్పించుకోవాలి. దస్తావేజు నానిపోతే బీమా ఏమీ ఇవ్వదు, కానీ రిజిస్టరైన దానికి నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. 2009 తర్వాత నకళ్ల కోసం వచ్చిన జనాన్ని నేను మరిచిపోలేదు. అద్దెకుండేవాళ్లు సామాన్లకు మాత్రమే చేయించుకోవచ్చు. కింద దుకాణం, పైన ఇల్లు అని కట్టుకున్నవాళ్లు దుకాణం సరుకుకు వ్యాపార పాలసీ వేరే తీసుకోవాలి.

నీళ్లు తగ్గాక అందరం చేసే పని, తడిసినవన్నీ వీధిలో పారేయడం. కంపెనీకి కబురు చేసి, గోడమీది గీత కనబడేట్టు, సామాను కనబడేట్టు ఫోటోలు తీసి, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు చూసేదాకా ఆగాలి. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో తేలకపోతే బీమా తగాదాలు తేల్చే అధికారికి, అంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు.

ప్రభుత్వం ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది, కాదనను. విజయవాడలో 2024 సెప్టెంబర్ బుడమేరు ముంపుకు కింది అంతస్తువాళ్లకు 25 వేలు, పైవాళ్లకు 10 వేలు ఇచ్చారు. 2022-26 కాలానికి పెట్టిన కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. ఆ 6,500తో నాలుగు ఇనుప తలుపులు కూడా రావు. అది ఆకలి తీర్చే సాయం, ఇల్లు తిరిగి కట్టే డబ్బు కాదు.

నేను కోరేది కొత్త పథకం కాదు. కర్నూలు నగరపాలక సంస్థ 2009 నీటిమట్టాన్ని ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీదో, బడి గోడ మీదో గీత గీసి, పక్కన అంకె రాయించాలి. గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు, వాళ్లుండగానే చేయాలి. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ అమ్మకం దస్తావేజు షెడ్యూలులో ఒక్క గడి చేర్చాలి: "ఈ ఆస్తి ఎప్పుడైనా ముంపుకు గురైందా, ఎంత ఎత్తు?" అని. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే ఉంది. నూట నలభై ఏళ్లుగా ఉన్న మాటకు ఒక గడి ఇమ్మంటున్నాను, అంతే.

ఇది చెప్పినప్పుడల్లా "అట్ల రాస్తే పాతబస్తీలో రేటు పడిపోతుంది సామీ" అని నామీద కోప్పడతారు. కొంత పడొచ్చు. ఇప్పుడు ఆ తేడాను ఏమీ తెలియని కొనుగోలుదారు మోస్తున్నాడు, రేపు అమ్మేవాడు మోస్తాడు. మా వాళ్లు అరుగు ఎత్తుగా కట్టి, కింద నాపబండలు పరిచి, కరెంటు మీటరు పైకి పెట్టుకుని బతకగలమని చూపించారు. అలాంటి ఇంటికి ధర ఎక్కువే పలకొచ్చు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వానాకాలంలో శ్రీశైలం మట్టం, సుంకేసుల నుంచి వదిలే నీరు రోజూ వేస్తున్నారు, సంతోషం. పక్కనే, ఆ అంకె ఎంత దాటితే కర్నూల్లో ఏ వీధులు జాగ్రత్తపడాలో ఇరిగేషన్ అధికారుల్ని అడిగి ఒక చిన్న పెట్టెలో వేయండి. ఫోన్ ఉన్న పిల్లలు కేంద్ర జల సంఘం ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ చూసుకుంటారు. పేపరు చదివే ముసలివాళ్లకు మీరే దిక్కు.

నా పేరు వేయొద్దని మనవి. రేపు పొద్దున టేబుల్ దగ్గరికి అమ్మేవాళ్లూ రావాలి కదా.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
పాతబస్తీ, కర్నూలు.